ఎనిమిది మంది, ఒక్క వాలు

జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఏ శనివారమైనా తెల్లవారుజామున జ్యూరిక్ పెద్ద స్టేషన్‌కి వెళితే, ఆఫీసులు లేని ఆ పూట కూడా ఒక రకం జనం హడావిడిగా కనిపిస్తారు. వీపున బ్యాగు, భుజాన స్కీలు, కాళ్లకు పిక్కల దాకా వచ్చే గట్టి ప్లాస్టిక్ బూట్లు. ఏడెనిమిది మంది ఒకచోట గుమిగూడి ఉంటారు. ఒకరు పేర్లు చదువుతుంటే మిగతావాళ్లు చేతులెత్తుతుంటారు. అందులో పాతికేళ్ల కుర్రాళ్లుంటారు, అరవై దాటిన రిటైర్డ్ టీచరమ్మలూ ఉంటారు. సగం మందికి మిగతా సగం మంది మొహం కూడా తెలియదు. ఇంకో నాలుగైదు గంటల్లో వీళ్లంతా ఒకే మంచు వాలు మీద, ఒకరి ప్రాణానికి ఒకరు పూచీగా ఉండబోతున్నారు. స్విట్జర్లాండ్‌లో పర్వతారోహణ క్లబ్బులు చలికాలమంతా నడిపే స్కీ టూర్లు ఇలాగే మొదలవుతాయి.

స్కీయింగ్ అనగానే మనకు తట్టేది రోప్‌వే ఎక్కి పైకి వెళ్లి, చదును చేసిన దారిలో జారుకుంటూ కిందికి రావడం. స్కీ టూరింగ్ అది కాదు. ఇక్కడ లిఫ్టు లేదు, సాపు చేసిన దారి లేదు, హద్దులు చూపే కర్రలు లేవు, సాయంత్రం ఎవరైనా మిగిలిపోయారేమో అని చూసే కాపలాదారు లేడు. ఎక్కడం కూడా స్కీల మీదే. స్కీ అడుగున ‘స్కిన్’ అనే నూగు పట్టీ అంటిస్తారు. వెల్వెట్ గుడ్డను ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుకుగా ఉంటుంది కదా, ఇదీ అంతే. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే మంచును పట్టుకుంటుంది. ఒకప్పుడు సీల్ అనే సముద్ర జంతువు తోలు వాడేవారు, ఇప్పుడు నైలాన్, మోహైర్ ఉన్ని కలిపి నేస్తున్నారు. బూటు మడమ గాల్లోకి లేచేలా, ముందు భాగం మాత్రం స్కీకి అతుక్కుని ఉండేలా బిగింపు ఉంటుంది. శిఖరం చేరాక పట్టీలు పీకేసి, మడమ బిగించి, దిగడం మొదలుపెడతారు. మూడు గంటలు ఎక్కితే దిగేది ముప్పావు గంట. ఆ ముప్పావు గంట కోసం ఇంత కష్టమా అని అడిగేవాళ్లకు ఈ ఆట పడదు. ఎక్కేటప్పుడే దాని రుచి తెలియాలి.

ఇది మొదటి నుంచీ కలిసి ఆడిన ఆటే. 1893 జనవరిలో గ్లారస్ ఊరి క్రిస్టోఫ్ ఇసెలిన్, నార్వే నుంచి వచ్చిన ఒలాఫ్ షెల్స్‌బెర్గ్ మరికొందరితో కలిసి ప్రాగెల్ కనుమ దాటారు. స్కీలు మేలా, మంచు బూట్లు (మంచులో దిగబడకుండా కాళ్లకు కట్టుకునే వెడల్పాటి చట్రాలు) మేలా అని పోల్చి చూడటానికి ఒకాయన మంచు బూట్లతో వాళ్ల వెంట నడిచాడు. స్కీలే గెలిచాయి. దేశంలో మొదటి స్కీ క్లబ్బు అదే ఏడాది గ్లారస్‌లో పుట్టింది. మరుసటి ఏడాది మార్చిలో, భార్య క్షయ జబ్బు కారణంగా దావోస్‌లో మకాం పెట్టిన ఆర్థర్ కోనన్ డాయిల్ కనుమ దాటి అరోసాకు స్కీల మీద వెళ్లాడు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన మనిషి కూడా ఒంటరిగా వెళ్లలేదు, దావోస్‌కే చెందిన బ్రాంగర్ సోదరులిద్దరిని వెంటబెట్టుకునే వెళ్లాడు. స్విస్ ఆల్పైన్ క్లబ్బు ఇంతకన్నా పాతది, 1863లో ఓల్టెన్‌లో మొదలైంది. ఇప్పుడు దానికి నూటికి పైగా స్థానిక శాఖలు, లక్షా డెబ్భై వేలకు పైగా సభ్యులు, కొండల్లో రాత్రి బసకు సుమారు 150 హట్లు ఉన్నాయి. ఇంత పెద్ద సంస్థ 1907లో ఆడవాళ్లను బయటికి పంపేసింది. వాళ్లు 1918లో తమ సొంత క్లబ్బు పెట్టుకున్నారు. రెండూ కలవడానికి 1980 దాకా పట్టింది.

కొత్తగా వచ్చినవాళ్లు, ముఖ్యంగా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లు, మొదట పొరపడేది ఒక్కచోట. క్లబ్బును ట్రావెల్ ఏజెన్సీ అనుకుంటారు. సభ్యత్వం కట్టాం, టూర్ జాబితాలో తేదీ చూశాం, ఫారం నింపాం, ఇక సీటు ఖాయం అనుకుంటారు. ఖాయం కాదు. ఆ ఫారం టికెట్ లాంటిది కాదు, ఒక రకమైన పెళ్లిచూపుల కబురు లాంటిది. అవతలివాళ్లకు నచ్చాలి.

టూర్ ప్రకటనలో ఒకటి రెండు అక్షరాలు, కొన్ని అంకెలు ఉంటాయి. అందులోనే సగం కథ ఉంది. స్విస్ క్లబ్బు స్కీ టూర్లను కష్టాన్ని బట్టి ఏడు మెట్లుగా విడదీసింది. ‘ఎల్’ అంటే తేలిక, వాలు 30 డిగ్రీల లోపు. ‘డబ్ల్యూఎస్’ అంటే 30 డిగ్రీలు దాటిన చోట్లుంటాయి. ‘జెడ్‌ఎస్’ అంటే 35 దాటుతుంది, ఇరుకు చోట్ల తిప్పుకోవడం రావాలి. ‘ఎస్’ అంటే 40 దాటుతుంది, అక్కడ పడిపోతే ఆగడం కష్టం. ఆపైన మూడు మెట్లు మామూలు మనుషులకు అక్కర్లేదు. దాని పక్కనే ఎక్కే ఎత్తు మీటర్లలో రాసి ఉంటుంది. 1,200 అని ఉంటే, దారిలో ఎత్తుపల్లాలన్నీ కలిపి తిరుమల మెట్లదారి ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు పైనే అనుకోవచ్చు. అదీ మంచులో, బరువుతో, రెండువేల మీటర్ల ఎత్తున పలచని గాలిలో.

ఫారం అందాక టూర్ లీడర్ ఫోన్ చేస్తారు, లేదా మెయిల్ పెడతారు. ఈ లీడర్లు జీతగాళ్లు కారు. బ్యాంకులోనో, బడిలోనో, ఆసుపత్రిలోనో పనిచేస్తూ సెలవులు ఖర్చుపెట్టి కోర్సులు పూర్తిచేసినవాళ్లు. ఆ తర్వాత కూడా క్లబ్బు వాళ్లను మళ్లీ మళ్లీ శిక్షణకు పంపుతుంది. కష్టమైన టూర్లకు లైసెన్సు ఉన్న గైడును విడిగా పెట్టుకుంటారు, ఆ ఖర్చు అందరూ పంచుకుంటారు. లీడర్ అడిగే ప్రశ్నలు సాదాగా ఉంటాయి. ఈ చలికాలంలో ఎన్ని టూర్లు చేశారు? గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కగలరు? మెత్తటి మంచులో, గట్టిపడిన మంచులో, పైన పెళుసు పొర కట్టిన మంచులో దిగడం వచ్చా? ట్రాన్స్‌సీవర్‌తో, అంటే మంచులో కూరుకుపోయినవాళ్ల జాడ చెప్పే పరికరంతో, వెతకడం ఎప్పుడు సాధన చేశారు?

మనకు అలవాటైన జవాబు ఒకటుంది: “పర్లేదండీ, ఎలాగోలా అడ్జస్ట్ అయిపోతాను.” మర్యాదకు, ఉత్సాహానికి చెప్పే ఈ మాట పెళ్లి బస్సులో చెల్లుతుంది. మంచు కొండ మీద అడ్జస్ట్ అయ్యేది చెప్పినవాళ్లు కాదు, మిగతా ఏడుగురు. తెలియనిది తెలియదని చెప్పినవాళ్లను లీడర్లు ఇష్టపడతారు. తేలిక టూర్ ఒకటి సూచిస్తారు, జనవరిలో క్లబ్బు పెట్టే మంచుచరియల కోర్సుకు రమ్మంటారు. గొప్పలు చెప్పి చేరినవాళ్ల గుట్టు మాత్రం మొదటి అరగంటలో మొదటి మలుపు దగ్గరే బయటపడుతుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. కాబట్టి ఆ ఫోన్ కాల్‌ను క్లబ్బు ఇచ్చే మొదటి రక్షణ పరికరంగా లెక్కపెట్టాలి. ‘ఈసారికి వద్దు’ అన్న లీడర్ మీద కోపం తెచ్చుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. ఆ కోపం అర్థం లేనిది.

టూర్‌కు ముందురోజు సాయంత్రం 5 గంటలకు అందరి ఫోన్లలో ఒకే పేజీ తెరుచుకుంటుంది. దావోస్‌లోని మంచు, మంచుచరియల పరిశోధన సంస్థ విడుదల చేసే బులెటిన్ అది. దావోస్ పైన వైస్‌ఫ్లూయోఖ్ మీద 1936లో మొదలైన పరిశోధన నుంచి ఎదిగిన సంస్థ ఇది. చలికాలంలో రోజూ సాయంత్రం ఒకసారి, మర్నాడు ఉదయం 8కి మరోసారి చెబుతుంది. ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెలతో చూపిస్తారు. 1993 నుంచి యూరప్ అంతా ఇదే కొలత. అంకె ఒక్కటే కాదు, ఏ దిక్కుకు తిరిగిన వాలు, ఏ ఎత్తు పైన, ఏ రకం మంచు అన్నది కూడా ఉంటుంది.

ఈ అంకెలతో ఒక చిక్కుంది. 5 వచ్చిన రోజు ఎవరూ ఇల్లు కదలరు, అదీ ఏళ్లకోసారి వస్తుంది. విశాలమైన ప్రాంతానికి 1999 ఫిబ్రవరి తర్వాత మళ్లీ 2018 జనవరిలోనే వచ్చింది. మనుషులు ఎక్కువగా పోయేది 3వ స్థాయిలో. చలికాలంలో దాదాపు మూడో వంతు రోజులు స్థాయి 3 ఉంటుంది, మరణాల్లో సగం దాకా ఆ రోజుల్లోనివే. అయిదులో మూడు అంటే మధ్యరకం, ఫరవాలేదు అని మనసు సర్దిచెప్పుకుంటుంది. పరీక్షలో నూటికి అరవై వచ్చినట్టు అనిపిస్తుంది. నిజానికి ఒక మెట్టు పెరిగితే ప్రమాదం ఒక పాలు పెరగదు, రెట్లలో పెరుగుతుంది.

మంచుచరియ ఎలా జారుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మంచు ఒక్కసారిగా పడి ఊరుకోదు, పొరలు పొరలుగా పేరుకుంటుంది. చలి గట్టిగా ఉండి, మంచు పలచగా ఉన్న రోజుల్లో ఆ పొరల్లో ఒకటి పట్టుదప్పి పంచదార పలుకుల్లా మారిపోతుంది. దాని మీద గాలి కొత్త మంచును తెచ్చి అదిమితే పైన గట్టి పలక ఏర్పడుతుంది. బల్ల మీద పంచదార చల్లి, దాని మీద గాజు పలక పెట్టి, బల్లను ఓరగా ఎత్తినట్టు. ఆ పలక మీద ఒక మనిషి బరువు చాలు. కింది పొర చిట్లిందంటే ఆ చిట్లు క్షణాల్లో పదుల మీటర్లు పాకిపోతుంది, పలక మొత్తం కదులుతుంది. కొన్నిసార్లు ముందే ‘వుమ్’ అని కడుపులోకి దిగే శబ్దం వస్తుంది. ఆ శబ్దం విన్నాక కూడా పైకి వెళ్లేవాళ్లను ఏమనాలో తెలియదు. ఆకాశం నుంచి ఊడిపడే విపత్తు అనుకుంటాం గానీ, చరియల్లో చిక్కుకున్న స్కీయర్ల విషయంలో పదింట తొమ్మిదిసార్లు దాన్ని కదిలించింది ఆ మనిషే, లేదా ఆ బృందంలోని మరొకరే.

పలక జారాలంటే వాలు సుమారు 30 డిగ్రీలైనా ఉండాలి. అందుకే స్విస్ మ్యాపుల్లో 30 నుంచి 35 దాకా పసుపు, 40 దాకా నారింజ, 45 దాకా ఎరుపు, ఆపైన ఊదా రంగు వేస్తారు. వెర్నర్ ముంటర్ అనే స్విస్ గైడు దీన్ని మామూలు మనుషులకు పనికొచ్చే లెక్కగా మార్చాడు. స్థాయి 2 అయితే 40 డిగ్రీల లోపు ఉండండి, 3 అయితే 35 లోపు, 4 అయితే 30 లోపు. మంచును తవ్వి పొరలు చదివే పండితులు దీన్ని మొరటు లెక్క అన్నారు. మొరటుదే, కానీ చలికి వేళ్లు కొంకర్లుపోతున్నప్పుడు గుర్తుండేది మొరటు లెక్కే. క్లబ్బు లీడర్ శుక్రవారం రాత్రి చేసే పని ముఖ్యంగా ఇదే. బులెటిన్‌ను మ్యాపు మీద పరిచి, ఏ మలుపు దగ్గర ఏ ప్రశ్న వేసుకోవాలో గుర్తు పెట్టుకుంటారు. చాలాసార్లు ఆ రాత్రే టూర్ మారిపోతుంది. ‘జెడ్‌ఎస్’ శిఖరానికి బదులు పక్క లోయలో తేలికపాటి కొండకు వెళుతున్నాం అని మెసేజ్ వస్తుంది. నిరాశ పడేవాళ్లుంటారు. బులెటిన్ చదివినవాళ్లు ముందే ఊహించి ఉంటారు.

అలా తరచుగా తేలే ఊళ్లలో ఒకటి సాంక్ట్ ఆంటోనియెన్. జ్యూరిక్ నుంచి లాండ్‌క్వార్ట్ దాకా రైలు, అక్కడ మారి క్యూబ్లిస్, అక్కడి నుంచి పసుపురంగు పోస్టల్ బస్సు. సుమారు 1,420 మీటర్ల ఎత్తున ఉన్న ఈ చిన్న ఊరికి మంచుచరియలు ఇంటి చుట్టాల్లాంటివి. పాత ఇళ్ల వెనక గోడలు చూడాలి. కొండవైపు రాళ్లు, మట్టి పేర్చి పడవ ముక్కులా కోసుగా కట్టారు, పైనుంచి వచ్చే మంచు రెండుగా చీలి ఇంటికి అటూ ఇటూ పోవాలని. స్విట్జర్లాండ్‌లో 98 మందిని చంపిన 1950-51 చలికాలం తర్వాత, ఊరి పైనున్న క్యూనిహోర్న్ వాలు మీద వరసలు వరసలుగా అడ్డుకట్టలు కట్టారు. బస్సు దిగి తల పైకెత్తితే అవే కనబడతాయి. ఉపన్యాసం అక్కర్లేదు. ఇక్కడి నుంచి ఎక్కే క్రూట్స్ అనే కొండ 2,196 మీటర్లు. ఎక్కే ఎత్తు ఎనిమిది వందలకు కాస్త తక్కువ, వాలు చాలాచోట్ల నెమ్మది. కొత్తవాళ్లకు చాలామంది చూపించే దారి ఇది.

బస్సు దిగాక మొదటి పని ట్రాన్స్‌సీవర్ల పరీక్ష. జాకెట్ లోపల, ఒంటికి పట్టీలతో కట్టుకునే ఈ చిన్న పరికరం 457 కిలోహెర్ట్జ్ మీద ఆగకుండా సంకేతం పంపుతూ ఉంటుంది. ఎవరైనా కూరుకుపోతే మిగతావాళ్లు తమ పరికరాలను ‘వెతుకు’ వైపు తిప్పుతారు, అప్పుడవి బాణం గుర్తుతో, దూరంతో దారి చూపిస్తాయి. లీడర్ కొంచెం దూరం వెళ్లి నిలబడతారు, అందరూ ఒక్కొక్కరుగా ఆయన ముందు నుంచి నడుస్తారు. బీప్, బీప్. ఎవరి దగ్గరైనా రాకపోతే బ్యాటరీ అయిపోయి ఉండాలి, లేదా జేబులో మొబైల్ అడ్డుపడుతూ ఉండాలి. మొబైల్‌ను ట్రాన్స్‌సీవర్‌కి కనీసం జానెడు దూరంలో పెట్టమని, వెతికేటప్పుడు అరమీటరు దూరం ఉంచమని చెబుతారు. దీనికి తోడు మంచులో గుచ్చి చూసే, మడతపెట్టే పొడవాటి ప్రోబ్ కర్ర, లోహపు పార. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ దండగే. సంకేతం దొరికినా, కర్ర తగిలినా, గట్టిపడిన చరియ మంచును చేతులతో తవ్వలేం. ఘనమీటరుకు మూడు నాలుగు వందల కిలోలుంటుంది.

ఎక్కడం మొదలయ్యాక కొత్తవాళ్లకు చికాకు తెప్పించేది వేగం, అంటే దాని లేమి. లీడర్ చాలా నెమ్మదిగా, అత్తారింట్లో కొత్త కోడలిలా నడుస్తారు. గంటకు మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తు, మాట్లాడుతూ నడవగలిగేంత. ఇంత నెమ్మది ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఎనిమిది మందిలో ఒక్కొక్కరు ఒక్కోచోట అయిదు నిమిషాలు ఆగితే నలభై నిమిషాలు పోతాయి. అందుకే ఆగితే అందరూ ఒకేసారి ఆగాలి. నీళ్లు, జాకెట్, సన్‌స్క్రీన్, పల్లీ పట్టీ ముక్క అన్నీ అప్పుడే. చెమట పట్టేలా నడిస్తే ఆగినప్పుడు అదే చెమట చలై కూర్చుంటుంది. (పులిహోర డబ్బా తెచ్చుకున్నవాళ్ల మాట చెప్పనే అక్కర్లేదు. మైనస్ పదిలో అన్నం గులకరాళ్లైపోతుంది.)

అసలు పరీక్ష కిక్ టర్న్. నిటారు వాలు మీద నేరుగా ఎక్కలేక వంకరటింకరగా ఎక్కుతారు. ప్రతి మలుపు దగ్గర ఒక కాలును స్కీతో సహా ఎత్తి వెనక్కి తిప్పి పెట్టి, రెండో స్కీ మడమను తన్నినట్టు విదిలించి పక్కకు తెచ్చుకోవాలి. చూస్తే కూచిపూడి అడుగులా ఉంటుంది. రాకపోతే కాళ్లు రెండూ ముడిపడి వాలు మీద ఇరుక్కుపోతారు. వచ్చినవాళ్లకు పది సెకన్లు, రానివాళ్లకు నిమిషం. ముప్పై మలుపులకు పాతిక నిమిషాలు అదనం. అంతసేపూ వెనకున్నవాళ్లు అదే వాలు మీద, ఒకరి కింద ఒకరు నిలబడి ఉంటారు. కాబట్టి ఇది ఒకరి ఇబ్బందితో పోయేది కాదు. ఊరి చివర చదునైన పొలంలో, అంతకుముందు ఆదివారం, యాభైసార్లు సాధన చేసి వస్తే బాగుపడేది మొత్తం బృందం. వాలు 30 దాటిన చోట లీడర్ పది మీటర్ల ఎడం పాటించమంటారు, అందరి బరువూ ఒకేచోట పడకుండా. దిగేటప్పుడు ఒక్కొక్కరే. ఒకరు సురక్షితమైన చోట ఆగి చెయ్యెత్తాకే రెండోవాళ్లు కదలాలి.

గుంపుగా వెళితే ఒంటరిగా వెళ్లిన దానికన్నా భద్రం అన్నది సగమే నిజం. ఆ సగం గట్టిదే. స్విస్ లెక్కల ప్రకారం కూరుకుపోయినవాళ్లను పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు, అరగంటకు ముగ్గురే. 1414కు ఫోన్ చేస్తే వచ్చే, రేగా అనే స్విస్ రక్షణ సంస్థ హెలికాప్టర్ ఎంత వేగంగా వచ్చినా ఆ పది నిమిషాల్లో రావడం అరుదు. అంటే కాపాడగలిగేది పక్కనున్నవాళ్లే. మిత్రుడి ట్రాన్స్‌సీవర్ ఎంత ఖరీదైనదో దానితో పనిలేదు, దాన్ని వాడటం అతనికి వచ్చా అన్నదే ముఖ్యం.

రెండో సగం అసౌకర్యమైనది. స్విస్, ఇటలీ కొండల లెక్కలతో చేసిన ఒక పరిశోధనలో, ఇద్దరితో పోలిస్తే నలుగురు, అంతకన్నా ఎక్కువమంది ఉన్న గుంపులకు చరియలో చిక్కుకునే ముప్పు ఎక్కువని తేలింది. బరువు ఎక్కువ, వాలు మీద గడిపే సమయం ఎక్కువ. దీనికన్నా పెద్ద కారణం మనుషుల మధ్య ఉంది. అమెరికాలో ఇయాన్ మెక్‌కామన్ ఏడువందలకు పైగా ప్రమాదాలను పరిశీలించి, మంచు గురించి తెలిసినవాళ్లు కూడా ఎలా బోల్తాపడతారో విడమరిచాడు. తెలిసిన కొండే కదా అన్న ధీమా, అనుకున్నాం కదా ఎక్కేద్దాం అన్న పట్టుదల, పక్క గుంపు మనకన్నా ముందు చేరుతుందన్న తొందర, అన్నిటికీ మించి ‘ఆయనకు తెలుసులే’ అన్న నమ్మకం. క్లబ్బు టూర్‌కు ఈ చివరిదే అతుకుతుంది. లీడర్ ముందున్నారు, కోర్సు చేశారు, ఇరవై ఏళ్ల అనుభవం. వెనక నడిచేవాళ్లు మ్యాపు చూడటం మానేస్తారు. ఆరో మనిషికి ‘వుమ్’ వినబడుతుంది, ముందున్నవాళ్లకూ వినబడే ఉంటుందిలే అనుకుని ఊరుకుంటాడు. పెద్దల ముందు నోరెత్తకూడదని పెరిగిన మనలాంటివాళ్లకు ఇది ఇంకా కష్టం. లీడర్‌ను ప్రశ్నించడం అగౌరవం కాదని క్లబ్బులు కోర్సుల్లో పదేపదే చెప్పాల్సి వస్తోందంటే, ఈ జబ్బు మన ఒక్కరిదే కాదన్నమాట.

గుంపు మంచితనం కూడా ముంచవచ్చు. 2010 జనవరి 3న బెర్న్ ప్రాంతంలోని డీమ్టిగ్‌టాల్ లోయలో ఒక చరియ స్కీ టూర్‌కు వచ్చినవాళ్లను కప్పేసింది. కాపాడటానికి చేరినవాళ్ల మీద రెండో చరియ పడింది. ఏడుగురు పోయారు, వాళ్లలో రేగా డాక్టరు ఒకరు. అప్పటి నుంచి ఏ కోర్సులోనైనా మొదటి పాఠం మారలేదు గానీ బరువు పెరిగింది: పరిగెత్తే ముందు పైకి చూడు, ఇంకేమైనా వేలాడుతోందా అని.

చరియ లేకుండానే ప్రాణాలు పోవచ్చు. 2018 ఏప్రిల్ చివర్లో స్విట్జర్లాండ్‌లోని పీన్ దరోలా శిఖరం దగ్గర తుఫానులో చిక్కుకున్న పద్నాలుగు మంది రాత్రంతా బయటే గడపాల్సి వచ్చింది. ఏడుగురు చనిపోయారు. వాళ్లు చేరాల్సిన విన్యెట్ హట్ కొన్ని వందల మీటర్ల దూరంలోనే ఉంది. అందుకే మంచి లీడర్లు తిరుగుముఖం పట్టే సమయాన్ని ఉదయమే, ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడే అందరి ముందు చెప్పేస్తారు: పన్నెండున్నరకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. శిఖరం కళ్లముందు ఇరవై నిమిషాల దూరంలో కనబడుతున్నప్పుడు ఆ మాట నిలబెట్టుకోవడం ఏ వాలు ఎక్కడం కన్నా కష్టం.

తెలుగు వార్తాపత్రికల్లో మంచుచరియ పేరు ఎక్కువగా సైనికుల కబురుగానే వస్తుంది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో పదిమంది జవాన్లను కప్పేసిన చరియలో కర్నూలు జిల్లా జవాను ఒకరున్నారు. సరదాకు అలాంటి చోటికి వెళ్లడమేమిటని ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే ఆ ప్రశ్నలో న్యాయముంది. జ్యూరిక్‌లో, మ్యూనిక్‌లో ఐటీ ఉద్యోగాల్లో స్థిరపడిన మనవాళ్లు ఈ ఆట వైపు చూసేటప్పుడు వరస తప్పకపోతే మంచిది. ముందు లిఫ్టులున్న చోట, ఎరుపు గుర్తు (మధ్యరకం కష్టం) దారుల్లో ఎలాంటి మంచులోనైనా పడకుండా దిగడం రావాలి. దానికే రెండు మూడు చలికాలాలు పడతాయి. గుల్మార్గ్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థలోనో, ఔలిలోనో రెండు వారాల కోర్సు చేసి వచ్చినవాళ్లకు పునాది ఉంటుంది, కానీ అది పునాదే. సామాను మొదట అద్దెకు తీసుకోవాలి. కొత్తగా కొంటే రెండువేల ఫ్రాంకులు దాటుతుంది, మొదటి ఏడాది కొన్న బూట్లు రెండో ఏడాది నచ్చవు. భాష మరో సంగతి. చాలా శాఖల్లో మాటలన్నీ స్విస్ జర్మన్‌లో నడుస్తాయి. ఇంగ్లిష్‌లో చెప్పమంటే చెబుతారు, కానీ వాలు మీద అరిచేటప్పుడు ఎవరూ అనువదించరు. ఆగు, దూరం, ఒక్కొక్కరు, ఎడమ, కుడి లాంటి పది మాటలు వాళ్ల భాషలో నేర్చుకోవాలి. బీమా కూడా చూసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో ఉద్యోగం చేసేవాళ్లకు ఆఫీసు వైపు నుంచి ప్రమాద బీమా ఉంటుంది, వెంట వచ్చిన భార్యకో భర్తకో ఉద్యోగం లేకపోతే ఆరోగ్య బీమాలో ప్రమాదాల కవరేజీ చేర్చి ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య బీమా రక్షణ ఖర్చులో సగమే, అదీ ఏడాదికి 5,000 ఫ్రాంకుల వరకే ఇస్తుంది.

టూర్ దిగాక, బస్సుకు ఇంకా గంట ఉంటే, అందరూ ఊళ్లో ఏదో ఒక సత్రంలో బల్ల చుట్టూ చేరతారు. బూట్ల బకిళ్లు వదులు చేసి, సూప్ చెప్పి, చెక్క బెంచీ మీద తడి గ్లౌజులు పరుస్తారు. లీడర్ అక్కడే అడుగుతారు: ఈ రోజు ఎక్కడ భయమేసింది, చూసి కూడా చెప్పకుండా ఊరుకున్నది ఏమైనా ఉందా? మొదట ఎవరూ మాట్లాడరు. తర్వాత పొద్దున పేర్లు చదివినప్పుడు చివర చెయ్యెత్తిన మనిషి, అడవి దాటాక మూడో మలుపు దగ్గర శబ్దం విన్నానని, అందరూ నడుస్తున్నారు కదా అని ఊరుకున్నానని చెబుతాడు. లీడర్ మ్యాపు తీసి, ఎక్కడో వేలు పెట్టి చూపించమంటారు. పక్కన కూర్చున్నామె తన ట్రాన్స్‌సీవర్ ఇంకా కొట్టుకుంటూనే ఉందని గమనించి, జాకెట్ జిప్పు లాగి దాన్ని ఆపుతుంది.